గుంట అన్నయ్యది, చదువు చెల్లెలిది

మా వైపు ఎవరిని కదిలించినా బాగుపడటానికీ, వెనకబడటానికీ ఒకే కారణం చెబుతారు. నీళ్ళు. కోవూరు, బుచ్చి, సంగం వాళ్ళకు పెన్న ఉంది కాబట్టి నిలబడ్డారు. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వాళ్ళకు లేదు కాబట్టి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకో బెంగళూరుకో పోయారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఆ డెల్టా, ఆ మెట్ట రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి: మా నాయనది విడవలూరు వైపు పల్లె, మా అమ్మది కనిగిరి వైపు. రెండు వైపుల మాటలూ వింటూ పెరిగాను. నీళ్ళ వాదనలో నిజం ఉంది. కానీ ఒక సమాజం కొత్త పరికరాన్ని, కొత్త పద్ధతిని ఎందుకు అందుకుంటుంది, ఇంకో సమాజం ఎందుకు అందుకోలేకపోతుంది అన్న ప్రశ్నకు నేల ఒక్కటే జవాబు కాదని నా గట్టి నమ్మకం. తెలిసిన మనిషి, డబ్బు, ‘సరే, చెయ్యి’ అనే మాట, ఈ మూడూ ఒకచోట కలవాలి. అవి కలవాలా వద్దా అన్నది చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

నేలకు ఇవ్వాల్సింది ముందు ఇచ్చేద్దాం. ఇంగ్లండులో బొగ్గు గనులు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఊరేవి. ఆ నీళ్ళు తోడటానికే 1712లో న్యూకొమెన్ ఆవిరి యంత్రాన్ని నిలబెట్టాడు. అది బొగ్గును విపరీతంగా తినేది. గని పక్కన, బొగ్గు కారుచవకగా దొరికేచోట తప్ప ఇంకెక్కడా గిట్టేది కాదు. ఆ గనుల దగ్గరే దశాబ్దాల పాటు పనిచేస్తూ, చెడిపోతూ, బాగవుతూ వచ్చింది. అక్కడ కూలిరేట్లు కూడా ఎక్కువే కాబట్టి మనిషికి బదులు యంత్రం పెడితే డబ్బు మిగిలేది. చైనాలోనూ బొగ్గు ఉంది. కానీ అందులో ఎక్కువ భాగం ఉత్తరాన షాన్సీ వైపు ఉంటే, చేతిపనులు, వ్యాపారం కిక్కిరిసిన యాంగ్సీ దిగువ ప్రాంతం అక్కడికి ఎంతో దూరం. కెన్నెత్ పొమెరాన్జ్ అనే చరిత్రకారుడు ఈ తేడాకు చాలా బరువు ఇచ్చాడు. ఆ బరువు న్యాయమైనదే.

మన దగ్గర దీనికి శ్రీహరికోటను మించిన ఉదాహరణ లేదు. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం. తూర్పున వేల కిలోమీటర్ల ఖాళీ సముద్రం. భూమధ్యరేఖకు ఉత్తరంగా పద్నాలుగు డిగ్రీలకు లోపే ఉండటం వల్ల తూర్పుకు ఎగిరే రాకెట్‌కు భూమి తిరుగుడే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే ఇస్తుంది. అందుకే 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్) లేచింది. అదే నేల నష్టం కూడా చేస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు ఉపగ్రహాలను మోసుకెళ్ళే పీఎస్ఎల్‌వీ రాకెట్ నేరుగా దక్షిణానికి పోతే దారిలో శ్రీలంక ఉంది. కాబట్టి ఒక మలుపు తిరగాలి, ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, మోసుకెళ్ళే బరువులో కోత.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ దీవి అంతకు ముందూ అక్కడే ఉంది. తూర్పున సముద్రం కొత్తగా వచ్చి చేరలేదు. రాకెట్లకు ముందు శ్రీహరికోట పేరు చెబితే మద్రాసుకు గుర్తొచ్చేది వంటచెరకు. బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కట్టెలు పోయేవి. అక్కడే పుట్టి పెరిగిన యానాదులకు ఆ అడవిలో ప్రతి చెట్టూ, ప్రతి దుంపా తెలుసు. ఆ తెలివికీ, పెట్టుబడికీ మధ్య వంతెన వేసినవాళ్ళు లేరు. రాకెట్ వచ్చినప్పుడు తెలివీ డబ్బూ రెండూ బయటినుంచే దిగాయి. నేల మాత్రం మనది.

మోటుపల్లి సంగతి కూడా అంతే. పాత ప్రకాశం జిల్లాలోని ఆ రేవు దగ్గర కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు లాగేసుకునేవారు. ఇకమీద నియమిత సుంకం తప్ప ఇంకేదీ తీసుకోబోమని ఆయన వ్యాపారులకు మాటిచ్చాడు. తీరం అదే, గాలులు అవే. మారింది నష్టపోయిన మనిషి సొత్తు ఎవరిదన్న రూలు ఒక్కటే. సొత్తు ఎవరిదన్న ఆ ప్రశ్ననే నేను రేవు నుంచి ఇంటి గడప లోపలికి తీసుకుపోతున్నాను.

మా చిన్నాయన కొడుకు వనామి రకం రొయ్యల గుంటలు చేస్తాడు. మనిషి కష్టజీవి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు పైకి తేలి గట్ల వెంబడి తిరుగుతాయి. అలాంటి రాత్రుళ్ళు వాడు కునుకు తీయడు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిన శబ్దం నిద్రలో కూడా వాడికి తెలుస్తుంది. కానీ నీళ్ళ లోపల ఏం జరుగుతోందో వాడికి చదువు చెప్పినవాళ్ళు లేరు. మందుల షాపాయన ఏ పొడి ఇస్తే అది చల్లుతాడు. ఒకసారి నేను అక్కడున్నప్పుడే, వేళ కాని వేళ బెంగళూరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు.

“పీహెచ్ పొద్దున ఎంత, సాయంత్రం ఎంత?” అని అడిగింది ఆ అమ్మాయి.

“సాయంత్రం చూడలేదమ్మా. షాపాయన ఏదో ప్యాకెట్ ఇస్తే చల్లించాం.”

“ముందు మేత ఆపన్నా. మబ్బు పోయేదాకా సగమే వెయ్యి. చెక్ ట్రేలో మిగిలిన మేత ఎంతో నాకు ఫొటో పెట్టు. పొడుల సంగతి తర్వాత.”

ఆ పంట గట్టెక్కింది. ఆ అమ్మాయి చదివింది ముత్తుకూరు మత్స్య కళాశాలలో. చదువు అయిపోగానే ఊళ్ళో చిన్న నీటి పరీక్షల ల్యాబ్ పెడతానని, ఒక గుంట లీజుకు తీసుకుని తనే చేస్తానని అడిగింది. ‘ఆడపిల్ల రాత్రిళ్ళు గట్ల మీద తిరుగుతుందా’ అన్నారు. సాఫ్ట్‌వేర్ సంబంధం వచ్చింది, పెళ్ళి చేశారు. ఇప్పుడు అపార్టుమెంటులో పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. గుంట ఒకరి దగ్గర, దాని గురించిన చదువు ఇంకొకరి దగ్గర. మధ్యలో కమీషన్ తినే షాపు. మా తీరానికి ఉప్పునీటి వాగులున్నాయి, ఎండ ఉంది, కృష్ణపట్నం రేవు ఉంది. ఇన్నీ ఉండి కూడా ఒక ఇంట్లో పుట్టిన ఇద్దరి తెలివీ ఆస్తీ కలవకపోవడానికి భూగోళం ఏం చేస్తుంది?

ఉమ్మడి కుటుంబాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. దాని మేలు మా ఇంట్లోనే చూశాను. 1990ల మొదట్లో మా చుట్టుపక్కల టైగర్ రొయ్య పిచ్చి పట్టింది. ఒక్క పంటతో మిద్దెలు లేచాయి. మా నాయన, చిన్నాయన కూడా వరి చేలో గుంటలు తవ్విద్దామన్నారు. పొలం ఉమ్మడిది, తాకట్టు పెట్టాలంటే అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలి. మా పెదనాయన పెట్టనన్నాడు. ఇంట్లో మాటలు పెరిగాయి, పండక్కి కూడా ఒకే పంక్తిలో కూర్చోలేదు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా పొడుగునా గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. రెండేళ్ళకు సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. పొలాలు పోగొట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మా పొలం మాకు మిగిలింది. పెదనాయన సంతకం పెట్టనన్న ఆ ఒక్క మాట మూడు కుటుంబాలకు బీమాగా పనిచేసింది.

కానీ దాని రెండో ముఖం కూడా చెప్పాలి. ఆ నష్టంలో నిండా మునిగినవాళ్ళు కొందరు విత్తనం (రొయ్య పిల్లలు) పరీక్ష చేయించకుండా వదలకూడదని, గుంటకూ గుంటకూ నీళ్ళు కలపకూడదని దెబ్బ తిని నేర్చుకున్నారు. 2009లో వనామికి అనుమతి వచ్చినప్పుడు వాళ్ళు ఆ అనుభవంతో దిగారు. మా ఇంట్లో పంపకాలయ్యాక చిన్నాయన కొడుకు ఓనమాలతో మొదలుపెట్టాడు. బీమా ఆస్తిని కాపాడింది, అనుభవాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. ఏ సమాజమైనా సాంకేతికంగా ముందుకు పోవాలంటే కొందరు ఓడిపోవాలి, ఓడిపోయినవాళ్ళు రోడ్డున పడకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పట్టుకునేది కుటుంబం ఒక్కటే అయినప్పుడు, కుటుంబం అసలు ఆడనివ్వదు.

ఇంగ్లండు నేర్చుకున్న పాఠాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. జాన్ హజ్నల్ అనే జనాభా పరిశోధకుడు 1965లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి త్రియెస్తె దాకా యూరప్ మ్యాపు మీద ఒక గీత గీశాడు. ఆ గీతకు పడమటి వైపు ఆడవాళ్ళు ఇరవైల నడుమన పెళ్ళి చేసుకునేవారు, కొంతమంది అసలు చేసుకునేవారు కాదు, పెళ్ళైన జంట వేరు కాపురం పెట్టేది. పెళ్ళికి ముందు కుర్రవాళ్ళు చాలామంది పరాయి ఇళ్ళలో పనివాళ్ళుగా, శిష్యులుగా ఏళ్ళ తరబడి ఉండేవారు. పని నేర్పేది తండ్రే కానక్కర్లేదు. తండ్రి పనే కొడుకు పని కానక్కర్లేదు. మరి ముసలితనంలో, కరువులో దిక్కెవరు? 1601 పేదల చట్టం కింద అక్కడి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) పన్ను వసూలు చేసి నిరుపేదలకు ఇంత పెట్టేది. ఆ సాయం ఉదారమైనదేమీ కాదు, కఠినమైనదే. అయినా మా పెదనాయన లాంటివాళ్ళు మోసే బరువులో కొంత ఇంటి బయటికి పోయింది. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ తెలివికి మొదట డబ్బు పెట్టిన రోబక్ దివాలా తీశాడు. ఆ వాటా బర్మింగ్‌హాంలో లోహపు వస్తువుల ఫ్యాక్టరీ నడిపే బౌల్టన్ చేతికి వచ్చింది, 1775లో ఇద్దరూ భాగస్వాములయ్యారు. చుట్టరికంతో కుదిరిన పొత్తు కాదది. అలాగని అక్కడ అందరికీ న్యాయం జరిగిందనీ కాదు. పెళ్ళైన ఆడదాని ఆస్తి ఆమెదేనని ఇంగ్లండు పూర్తిగా ఒప్పుకుంది 1882లో. అప్పటిదాకా సగం జనాభా తెలివి అక్కడా ఊరికే పోయింది.

అన్నీ వదిలేసి ఇంగ్లండులా అయిపోవాలని వాదించేవాళ్ళకు జపాన్‌ను చూపించాలి. అక్కడ ఇల్లు అనే సంస్థ చాలా బలమైనది, ఒక్క వారసుడికే దక్కేది. ఆ వారసుడు కన్నకొడుకే కావాలన్న పట్టుదల మాత్రం లేదు. కొడుకు చేతకానివాడైతే దుకాణంలో పైకొచ్చిన చురుకైన గుమాస్తాకు కూతురినిచ్చి, ఇంటిపేరు ఇచ్చి, వ్యాపారం అప్పగించిన ఇళ్ళు జపాన్ వర్తకుల్లో ఎన్నో. తెలిసినవాణ్ణి డబ్బు దగ్గరికి తీసుకురావడానికి వాళ్ళు కుటుంబాన్నే వాడుకున్నారు.

మనకు ఇలాంటిది లేదా అంటే ఉంది! ఇల్లటం. కోస్తాలో, రాయలసీమలో కొన్ని వ్యవసాయ కులాల్లో అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే గుర్తించింది. ఎంత మంచి పనిముట్టు చేతిలో ఉండేదో చూడండి. కానీ దాన్ని మనం పొలం చూసుకునే మగదిక్కు కోసం వాడుకున్నాం, అదీ ఎక్కువగా మగపిల్లలు లేనప్పుడు. ఇల్లరికపుటల్లుడంటే ఊళ్ళో చులకన కూడా. కూతురు చదువును ఇంటి పెట్టుబడి దగ్గర నిలబెట్టడానికి ఆ ఆచారం ఎంత బాగా పనికొచ్చేదో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

చట్టం కూడా చాలాకాలం అడ్డంగానే ఉంది. 1921లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు) ముందుకు ఒక ఐసీఎస్ అధికారి కేసు వచ్చింది. ఉమ్మడి ఆస్తి ఖర్చుతో చదివాడు కాబట్టి అతని సంపాదన కూడా ఉమ్మడిదే అన్నారు. అంటే మెదడులో ఉన్నది కూడా పంపకాల కిందికే వస్తుంది. 1930లో విద్యార్జిత ఆస్తి చట్టం వచ్చి దాన్ని మార్చింది. సొంత చదువుతో సంపాదించింది సొంతం అని రాసుకోవడానికి మనకు 1930 దాకా పట్టింది.

ఇంటి ఆకారం ఏ యంత్రం వస్తుందో కూడా నిర్ణయిస్తుందని వెంకటగిరి, చీరాల మగ్గాలు చూస్తే తెలుస్తుంది. భర్త మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తాడు, భార్య కండెలు చుడుతుంది, పిల్లలు అందిస్తారు. 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిన తాడు లాగే నాడె (పడుగులో పేక దారాన్ని అటూ ఇటూ పంపేది), 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు రాష్ట్రంలో వేగంగా పాకింది. ఎందుకంటే అది అదే ఇంట్లో, అదే మగ్గానికి అమరిపోతుంది. భార్యాభర్తల పని పంపకం చెదరదు. పవర్‌లూమ్‌కు షెడ్డు కావాలి, కరెంటు లైను కావాలి, కూలీలు కావాలి. అది ఇంట్లో పట్టదు. అందుకే అది వచ్చినప్పుడు నేతగాడి చేతికి రాలేదు, పెట్టుబడి ఉన్న ఇంకొకరి షెడ్డులోకి వచ్చింది. నేతగాడు మొండివాడు, మార్పు ఇష్టపడడు అని తేలిగ్గా అనేవాళ్ళంటే నాకు కోపం. తన ఇంట్లో పట్టిన ప్రతి మార్పునూ అతను తీసుకున్నాడు.

ఇప్పుడు మెట్టకు పోదాం. మా అమ్మ పుట్టింట్లో నలుగురు అన్నదమ్ములకు ఒక రాతికట్టుడు బావి. మోట తోలే రోజుల్లో రోజుకొకరి వంతు. ఎద్దులు వాలులో దిగుతుంటే మోకు బిగిసి, గిలక కిర్రుమని, తోలు తొండం నీళ్ళు కాలవలో కుమ్మరించేది. పూడిక తీయాలన్నా, మోకు కొనాలన్నా నలుగురూ వేసుకునేవారు. ఎంత తోడినా ఎద్దుల బలం మేరకే, కాబట్టి బావి మళ్ళీ ఊరేది. ఆయిల్ ఇంజన్ వచ్చాక కూడా వంతులు నడిచాయి. పంపకాలయ్యాక ఒక్కొక్కరూ తమ చెక్కలో బోరు వేయించారు. ఒకరు రెండు వందల అడుగులు పోతే పక్కవారు నాలుగు వందలు పోయారు. బావి ఎండింది. లోతుకు పోయిన నీళ్ళలో ఫ్లోరైడ్, ఆ కనిగిరి వైపు నడుములు వంగిన మనుషుల్ని చూసినవాళ్ళకు నేను వివరించక్కర్లేదు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చి బోర్లకు అనుమతులన్నది, అప్పటికే చాలా బోర్లు వేసేశారు. లెక్కల్లో చూస్తే ఒక మోట స్థానంలో నాలుగు మోటార్లు వచ్చాయి, అది ప్రగతే. కుటుంబం విడిపోయినప్పుడు ఆ బావి నియమాలు కూడా విడిపోయాయి, వాటి బదులు ఊరు కొత్త నియమం పెట్టుకోలేదు. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి శ్రీశైలం నీళ్ళు ఆ మెట్టకు పారినా ఈ పని మిగిలే ఉంటుంది: తూము దగ్గర వంతు ఎవరు పెడతారు, ఎవరు ఒప్పుకుంటారు?

మేనరికం గురించి ఒక్క మాట. పడమటి చర్చి దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను శతాబ్దాల పాటు నిషేధించడం వల్లే అక్కడి జనం వంశాల పట్టు వదిలించుకుని పరాయివాళ్ళతో సంఘాలు కట్టారని, అదే వాళ్ళ ప్రగతికి వేరని జోసెఫ్ హెన్రిక్ వంటి పరిశోధకులు అంటారు. ఆరోగ్యం మాట వేరు, అందులో మేనరికాన్ని నేను సమర్థించను. కానీ ఆ వాదన మాత్రం నాకు పూర్తిగా మింగుడుపడదు. జపాన్‌లో 20వ శతాబ్దంలోకి కూడా దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు బాగానే జరిగాయి, ఫ్యాక్టరీలు ఆగలేదు. మా వైపు బ్యాంకు ముఖం చూడనివాళ్ళకు గుంటకు పెట్టుబడి ఇచ్చింది మేనమామలే. డబ్బు చుట్టరికంలో తిరగడం కన్నా, తిరిగిన డబ్బు ప్రతిసారీ మగపిల్లాడి చేతిలోనే ఆగడం నాకు పెద్ద సమస్యగా కనిపిస్తుంది.

కుటుంబం మారదని అనేవాళ్ళు నెల్లూరు జిల్లా చరిత్రే చదవాలి. 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం వచ్చి ఆడవాళ్ళు సాయంత్రం పూట ఇంటి నుంచి రాత్రిబడికి బయల్దేరారు. ఆ కూడికల్లోంచే దూబగుంటలో రోశమ్మ ముందు నిలబడి సారా దుకాణం మూయించిన పోరాటం లేచింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. ఆ వెంటనే ఇదే జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. నాలుగు గోడల మధ్య భర్త దగ్గర చెల్లని మాట పదిమంది సంఘంగా కూర్చున్నప్పుడు చెల్లింది. ఆ డబ్బుతో మా ఊళ్ళో గేదెలొచ్చాయి, కుట్టుమిషన్లొచ్చాయి, రొట్టెల పిండి ఆడించే మర ఒకటి ఒకామె పెట్టింది. మా పెన్న అప్పటికీ ఇప్పటికీ అదే పెన్న.

చట్టం కూడా కదిలింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. ‘పసుపు కుంకుమకు ఇచ్చాంగా’ అని ఆడపిల్లల్ని పిలిపించి, హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. ఇంటికొచ్చాక ఒక చీర పెడతారు.

మా చిన్నాయన పోయాక ఆ కాగితం చెల్లెలి ముందుకు కూడా వచ్చింది. ఆ అమ్మాయి పెట్టలేదు. డబ్బు అడగలేదు, ఇంట్లో వాటా అడగలేదు. చివరి గుంట తన పేరు మీద రాసి, కాలవ పక్కన ల్యాబ్‌కు రెండు గదుల జాగా ఇమ్మంది. అన్న ముఖం చూడటం మానేశాడు. ‘అత్తారింట్లో ఉన్నదానికి గుంటెందుకు’ అని మా వాళ్ళు నన్నే మధ్యవర్తిగా పంపారు. నేను పోయి కాగితం మీద సంతకం తెస్తానని వాళ్ళ నమ్మకం. పెద్దవాళ్ళందరి ముందూ నేను చెప్పింది ఒకటే: ఆ గుంట ఆ అమ్మాయికి ఇవ్వండి, మిగతా గుంటల నీళ్ళు కూడా ఆ ల్యాబ్‌లోనే పరీక్ష చేయించుకోండి, షాపుకు కట్టే డబ్బులో సగం మిగులుతుంది. ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే పంటకు సీడు వదిలేలోపు మళ్ళీ కూర్చుంటామన్నారు. ఈసారి చెల్లెలిని, ఆమె భర్తను కూడా రమ్మన్నాను, ఇద్దరూ వస్తామన్నారు.